సిరగంపుట్ ఇంకా దారిలోనే ఉంది

తియ్యను. ఎంతమంది చెప్పినా తియ్యను. నా కుడిచెయ్యి మోచేతి దాకా ఆస్పత్రి కౌంటర్ కిటికీలో ఉంది, దాని మీద రేకు తలుపు ఆని ఉంది, ఆ తలుపు పిడి గుమాస్తా వరహాలరావు గారి చేతిలో ఉంది. ఆయన కిందికి లాగితే నా ఎముక విరుగుతుంది, నేను వెనక్కి తీసుకుంటే మా అత్త కన్ను పోతుంది, ఇందులో ఏది కావాలో మీరే తేల్చుకోండి అన్నాను. ఆయన తేల్చుకోలేక పిడి వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు. పదకొండయిందట, పదకొండుకి పేర్లు రాయడం ఆపేయాలట. ఎక్కడయింది? ఏ గంటా మోగలేదు, ఎవరూ వచ్చి చెప్పలేదు, ఆయన ఫోన్లో ఒక అంకె మారింది, అంతే. ఆ అంకె మారగానే కొండల్లో ఇంకా నడుస్తున్నవాళ్ళందరూ ఒక్కసారిగా ఆలస్యమైపోయారు. కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి, దారి ఉన్నచోటే ఉంది, మనుషులు మాత్రం ఆలస్యమైపోయారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, చిన్నప్పటి నుంచీ మండుతూనే ఉంది, ఇవాళ ఆ మంటతోనే చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చాను.

"సెయ్యి తియ్యమ్మా మెర్లినూ," అంటున్నాడు లోపలి నుంచి. "నాను లిస్టు పంపాల. పోయినపాలి ఆలీసమైతే నాకు మెమో ఇచ్చినారు."

ఇచ్చే ఉంటారు, కాదనను. ఆయన చెడ్డవాడు కాదు, అదే నాకొచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఈపాటికి నాలుగు తిట్టి మనసు చల్లార్చుకునేదాన్ని. ఆయన ముందు రిజిస్టరు తెరిచే ఉంది, తలకిందులుగా కనిపిస్తోంది నాకు, కంటి ఆపరేషన్ల జాబితా, ఇరవై రెండు పేర్లు, ఇరవై రెండు వేలిముద్రలు, కింద ఎనిమిది గీతలు ఖాళీ. ముప్పై మందికని విశాఖపట్నం నుంచి బస్సు వస్తోంది, అదీ ఒంటిగంటకి. ఎనిమిది ఖాళీ సీట్లు ఘాట్ దిగి వెళ్తాయి, మా అత్త మళ్ళీ కొండ ఎక్కి ఇంటికి వెళ్ళాలి. మనిషి వచ్చి వేలిముద్ర వేస్తేనే పేరు రాస్తారు. పేరు కావాలంటే నేను చెప్తాను, మగ్దలేనమ్మ, ఊరు చెప్తాను, సిరగంపుట్, మా తాత పేరు, ఆయన తండ్రి పేరు కూడా చెప్తాను, కానీ అత్త బొటనవేలు నా దగ్గర లేదు, అది ఎక్కడో దారిలో ఉంది. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికంట్లో శుక్లం ముదిరిపోయింది, వానలు దాటేదాకా ఆగితే తర్వాత తీసినా చూపు రాదన్నారు. మళ్ళీ క్యాంపు పెట్టేది వానలు దాటాకే.

ఇంతకుముందు అత్త రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్ళింది. అప్పుడు నేను విశాఖలో ఒక ఫర్నిచర్ షాపులో పనిచేస్తున్నాను, ఎవరి బెడ్‌రూమ్‌కో బీరువాలు గీస్తున్నాను. సంతరోజు ఎవరి ఫోన్ నుంచో మాట్లాడించారు. ఎన్ని గంటలకి వెళ్ళావత్తా అని అడిగితే, మూసేసిన ఏళకి అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. రెండోసారీ మూసేసిన వేళకే వెళ్ళిందట. తప్పు తనదే అన్నట్టు నవ్వింది కూడా. ఆ నవ్వు విన్న రోజే ఉద్యోగం మానేశాను. ఎవరికీ ఆ కారణం చెప్పలేదు, చెప్తే నవ్వుతారు.

ఇక్కడికొచ్చాక డాక్టర్ సౌందర్య గారు పిలిపించి, కొత్త హాలు కట్టారు, గోడ బోసిగా ఉంది, ఒక గడియారం చెయ్యి, మీ కొండల తరహాలో ఉండాలి అన్నారు. మా కొండల తరహా అంటే ఆవిడకి థింసా. చేతులు పట్టుకున్న పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి నెత్తిన ఒక అంకె, మధ్యలో కాఫీ ఆకు. కాగితం మీద ఆవిడే గీసి చూపించారు. చూడగానే దండం పెట్టాను. మా ఆడవాళ్ళు ఇంటి దగ్గర ఆడతారు, పెళ్ళికి ఆడతారు, అధికారులొస్తే ఎండలో నిలబడి ఆడతారు, ఇక గోడ మీద అంకెలు మోస్తూ కూడా ఆడాలా అని అడిగాను. ఆవిడ నొచ్చుకున్నారు. సరే, నీ ఇష్టం, కానీ టైము తెలియాలి అన్నారు. టైము తెలుస్తుందండీ, తెలియాల్సినవాళ్ళకి తెలుస్తుంది అన్నాను. పొగరు అనుకున్నారేమో. పొగరే.

నాన్న దగ్గర నుంచి వచ్చింది ఆ గడియారం ఆలోచన. నాన్న పేరు ఎలీయేజరు, వడ్రంగి, చర్చిలో గంట కొట్టేదీ ఆయనే. గంట అంటే చూరుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. మొదటి గంటకి స్నానాలు, రెండో గంటకి బయలుదేరడం, మూడో గంటకి ఆరాధన. నాన్న జేబులో వాచీ ఉండేది, పట్టీ తెగిపోయిన వాచీ, మొదటి రెండు గంటలూ అది చూసే కొట్టేవాడు. మూడోది మాత్రం సుత్తి పట్టుకుని మెట్ల మీద నిలబడి కొండ వైపు చూస్తూ ఉండేవాడు. సిరగంపుట్ వాళ్ళ తెల్లచీరలు మలుపు తిరిగి గెడ్డలో దిగితేనే కొట్టేవాడు. గెడ్డ పొంగిన రోజు మూడో గంట మధ్యాహ్నం మోగేది. మైదానం నుంచి వచ్చిన కొత్త పాస్టరు గారు ఒకసారి కేకలేశారు, తొమ్మిదన్నరంటే తొమ్మిదన్నరే, దేవుడి పని ఆగకూడదు అని. నాన్న సుత్తి కింద పెట్టి, "దేవుడు మనకంటే ముందే వొచ్చి కూకున్నాడు అయ్యగారూ, ఆయనకేటి తొందర," అన్నాడు. నాన్న అంతకంటే పెద్ద మాట జీవితంలో ఎవరితోనూ అనలేదు. పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడక్కడ మైకు పెట్టారు, టైముకే మొదలవుతుంది, సిరగంపుట్ వాళ్ళకి చివరి పాట దొరుకుతుంది.

అదిగో నా గడియారం, ఎదురు గోడ మీద ఉంది, నా చెయ్యి కదిలించకుండా తల తిప్పితే కనిపిస్తోంది. పనస చెక్క, చాటంత గుండ్రం, ఒక్కటే ముల్లు, రోజుకి ఒక్కసారే తిరుగుతుంది. అంకెలు లేవు. నడినెత్తిన ఆస్పత్రి గడప, అది మిట్టమధ్యాహ్నం. అడుగున చీకటి, పొద్దున అక్కడి నుంచి ముల్లు ఎడమవైపు ఎక్కుతుంది, సాయంత్రానికి కుడివైపు దిగుతుంది. అంచు వెంట ఊళ్ళు. ఒక్కో ఊరికి ఆ ఊళ్ళో పండే గింజలు లక్కలో పొదిగాను, జాకరగుడకి మిరియాలు, ముసిరివలసకి కందులు, సిరగంపుట్‌కి ఎర్ర రాజ్‌మా. ఎడమవైపు ముల్లు ఏ గింజల మీదికి వస్తే, తెల్లవారి వెలుగులో ఆ ఊళ్ళో బయలుదేరినవాళ్ళు ఇప్పుడు ఈ గడప తొక్కుతున్నారన్నమాట. ముల్లు ఇంకా అక్కడికి రాకపోతే వాళ్ళు దారిలో ఉన్నారన్నమాట. కుడివైపు అవే ఊళ్ళు మళ్ళీ ఉంటాయి, ముల్లు ఏ ఊరి మీదికి వస్తే ఆ ఊరివాళ్ళని ఇప్పుడు వదిలేయాలి, లేకపోతే చీకటి పడేలోగా ఇల్లు చేరరు. అంతే గడియారం. ఇది నడిచొచ్చేవాళ్ళ కోసం కాదు, వాళ్ళకి తెలుసు ఎంత నడిచారో. కుర్చీలో కూర్చున్నవాళ్ళ కోసం. మా అత్తకి ఇది కనిపించదు కూడా.

ఇవాళ పొద్దున్నే బిగించాను. అందుకే అత్తని తీసుకురావడానికి వెళ్ళలేకపోయాను. పక్కింటి సోములమ్మ కర్ర ఒక కొన పట్టుకుంటే రెండో కొన పట్టుకుని అత్త వస్తుంది, అలాగే వస్తుంది ఎక్కడికైనా. ఎనిమిదింటికి నర్సమ్మ గడియారం ముందు నిలబడి, ఇదేంటి, అదేంటి అని అన్నీ అడిగి, అయ్యో, జాకరగుడ వాళ్ళు ఇంకా గెడ్డ దగ్గరే ఉంటారు కదా అంది. ఈ ఆస్పత్రిలో జాకరగుడ వాళ్ళ గురించి వాళ్ళు రాకముందే ఎవరైనా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. ఏడుపొచ్చినంత పనైంది. వరహాలరావు గారు కూడా తొమ్మిదింటికి కిటికీలోంచి తొంగిచూసి, "ఈ మిరియాలెవులియమ్మా?" అని అడిగారు. పని చేస్తోంది, నా గడియారం పని చేస్తోంది అనుకుని గోడకి ఆనుకుని టీ తాగాను. ఎంత తియ్యగా ఉందో ఆ టీ.

తర్వాత పదిన్నరయింది. ముల్లు ఎర్ర రాజ్‌మా మీదికి వచ్చింది. గడప మీదికి ఎవరూ రాలేదు. పదీ నలభై. ముల్లు రాజ్‌మా దాటింది. నేను వాకిట్లోకి వెళ్ళి చూశాను, రోడ్డు మీద కాఫీ బస్తాల జీపు తప్ప ఏమీ లేదు. ఫోన్ చేద్దామంటే ఆ దారి పొడుగునా సిగ్నల్ లేదు. పదకొండయ్యేసరికి వరహాలరావు గారు పిడి మీద చెయ్యి వేసి, "నాను కాదమ్మా, నీ గడియారవే సెప్తంది, సిరగంపుట్ అరగంట కిందటే దిగిపోవాల. దిగనేదంటే బయల్దేరనేదు," అన్నాడు. నా గింజలు, నా ముల్లు, నా చెక్క చూపించి నా మొహం మీదే తలుపు లాగాడు. అప్పుడు పెట్టాను చెయ్యి. ఆలోచించి పెట్టలేదు. పెట్టాకే తెలిసింది నాకు పెట్టానని.

పావుగంటయింది. చెయ్యి బరువెక్కుతోంది. వరహాలరావు గారు తన తువ్వాలు మడిచి నా మోచేతి కింద దూర్చాడు, రేకు అంచు కోసుకుంటుందని. ఇదేం మనిషి? తలుపు మూయాలంటాడు, తువ్వాలు పెడతాడు. బయలుదేరలేదా? అత్త బయలుదేరకపోవడం ఉంటుందా? కన్ను మీద అంత ఆశ పెట్టుకున్న మనిషి. నిన్న కబురు పంపింది, నీ పెళ్ళి సూడాలే గుంటా, అల్లుడు నల్లగున్నాడో తెల్లగున్నాడో నానే సూసి సెప్తాను అని. పెళ్ళీ లేదు, అల్లుడూ లేడు, అత్త ఆశకి అవేవీ అడ్డం కాదు. కాలు జారిందా? గెడ్డలో? సోములమ్మ కర్ర వదిలేసిందా? వద్దు, అటు పోవద్దు. లెక్క చూసుకో మెర్లిన్, లెక్క చూసుకో. సిరగంపుట్ నుంచి ఇక్కడికి ఎంత దూరమత్తా అంటే ఎనిమిది చుట్టలు అంది. మా దగ్గర దూరం చెప్పేది అలాగే, ఒక చుట్ట కాలి అయిపోయేంత నడక ఒక చుట్ట. అన్ని ఊళ్ళ ఆడవాళ్ళనీ అడిగాను, అందరూ చుట్టల్లోనే చెప్పారు, రాసుకున్నాను. చుట్ట ఎంతసేపు కాలుతుందో తెలియాలి కదా, ఆస్పత్రి వాచ్‌మన్ మంగ్లుని కూర్చోబెట్టి మూడు చుట్టలు కాల్పించి ఫోన్‌తో కొలిచాను. మూడూ ఇంచుమించు అరగంటే. ఎనిమిది అరగంటలు నాలుగు గంటలు. ఆరున్నరకి బయలుదేరితే పదిన్నర. లెక్క సరిగ్గానే ఉంది. ఎక్కడా తప్పు లేదు.

ఎడమచేత్తో ఫోన్ చూస్తే పదకొండూ ఇరవై. వాకిట్లో మెట్ల మీద ముసిరివలస ముసలమ్మ ఒకామె కూర్చుని ఉంది, పక్కన మంగ్లు. నేను చెయ్యి పెట్టిన గొడవకి ఇద్దరూ అక్కడ చేరారు, అప్పుడే ఇద్దరూ ఒకే అగ్గిపుల్లతో వెలిగించుకున్నారు, చూశాను నేను. మంగ్లు చుట్ట మూడు వంతుల్లో రెండు వంతులు కాలిపోయింది. ముసలమ్మ చుట్ట సగమే కాలింది. ఆమె నోట్లోంచి తీసింది, నిప్పు కొన నోట్లోంచి వచ్చింది, బూడిద దులిపి మళ్ళీ నిప్పునే నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది. అడ్డచుట్ట. గాలి తగలని నిప్పు. మెల్లగా, తాపీగా, ఎంతసేపైనా.

ఓరి దేవుడా.

ఎనిమిది చుట్టలని చెప్పింది అత్త. అత్త నోట్లో ఉండేది అడ్డచుట్ట. సోములమ్మదీ అడ్డచుట్టే. ఊరూరా నాకు దూరాలు చెప్పిన ఆడవాళ్ళందరివీ అడ్డచుట్టలే. నేను తీసుకెళ్ళి ఒక మగాడి చుట్టని కొలిచాను. అమ్మ పోయాక ఆ అత్త ఒళ్ళోనే పడుకుని, ఆ పొగ వాసనలోనే పెరిగి, నిప్పు నోట్లో పెట్టుకుంటే నాలుక కాలదా అని వందసార్లు అడిగినదాన్ని, నేను, చేతిలో ఫోన్ పట్టుకుని మంగ్లు ముందు కూర్చున్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి బుద్ధి చెప్పడానికి బయలుదేరి నేనూ కుర్చీలోనే కూర్చుని లెక్క కట్టాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. గోడ మీద ప్రతి ఊరూ తప్పు చోట ఉంది. ప్రతి ఊరినీ నేనే తొందరపెట్టాను. ఒక్కో చుట్టకి పది నిమిషాలు ఎక్కువ వేసినా ఎనభై నిమిషాలు. పదీ ముప్పై కాదు, పదకొండూ యాభై. అంటే అత్త బయలుదేరింది. అంటే అత్త వస్తోంది. ఇప్పుడు ఎక్కడుంటుంది? గెడ్డ దాటి, సిల్వర్ ఓక్ చెట్ల వరస దాటి, రోడ్డు దగ్గర పడుతూ ఉంటుంది. సిగ్గు పక్కనే సంతోషం కూడా వచ్చి కూర్చుంది, రెండిటికీ కలిపి నవ్వొచ్చింది.

"తప్పు నాదే," అన్నాను కిటికీలోకి. "గడియారం తప్పు. మా అత్త తప్పు కాదు. పదకొండూ యాభైకి వస్తుంది."

"నీ గడియారం మీద నీకే నమ్మకం నేదు, నన్నెలా నమ్మమంటావు?" అన్నాడు వరహాలరావు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"నమ్మొద్దు. చెయ్యి మాత్రం తియ్యను."

ఈ మాట అన్నాక నాకు బలం వచ్చింది. తప్పు చేసినవాళ్ళు తగ్గి ఉండాలని ఎక్కడో నేర్పారు నాకు, బడిలోనో, షాపులోనో. ఎందుకు తగ్గాలి? గోడ మీది లెక్క తప్పినంత మాత్రాన కొండ మీది మనిషి అబద్ధమైపోతుందా? అంకెల గడియారం రోజుకి ఎంతమందిని అబద్ధం చేస్తోంది, దాన్ని ఎవరైనా అడిగారా? అది చక్కగా ఆడుతోంది కాబట్టి అది చెప్పిందే కాలమా? నాది తప్పని నేను ఇరవై నిమిషాల్లో ఒప్పుకున్నాను, దాన్ని ఒప్పుకోమనండి చూద్దాం.

సౌందర్య గారు వచ్చారు. నర్సమ్మ చెప్పి ఉంటుంది. నా చెయ్యి చూసి, గడియారం చూసి, నుదురు పట్టుకున్నారు. పన్నెండున్నరకి పై నుంచి ఆఫీసరు గారు హాలు చూడటానికి వస్తున్నారు, ఈ వేషం చూస్తే ఏమనుకుంటారు అన్నారు. చెవి దగ్గరికి వచ్చి మెల్లగా, స్నేహితురాల్లాగే చెప్పారు, "మెర్లిన్, ఇప్పుడు చెయ్యి తీసేయ్, గడియారం గోడ మీద ఉంటుంది, అంకెలు వెయ్యమని కూడా అడగను. తియ్యనంటే దాన్ని దించేస్తాను. ఇలా గొడవ చేసేవాళ్ళ వస్తువు నేను గోడకి పెట్టలేను."

గోడ కేసి చూశాను. నాలుగు నెలల పని. పనస దుంగ నాన్న దాచిందే, పెట్టె చేసి నాకిస్తానని దాచాడు. గింజలు ఊరూరా తిరిగి ఏరాను, లక్క కరిగించి వేళ్ళు కాల్చుకున్నాను. అది గోడ మీద ఉంటే రేపు తప్పులు దిద్దుకోవచ్చు, ఊళ్ళన్నీ సరైన చోటికి జరపొచ్చు, వచ్చే ఏడాదికి ఎంతమంది చూస్తారు, ఎన్ని తలుపులు ఆగుతాయి. ఒక్క మా అత్త కోసం అదంతా పోగొట్టుకోవడం తెలివైన పనేనా? తెలివి ఇలాగే మాట్లాడుతుంది, అందరి కోసం ఒక్కరిని వదిలెయ్యమంటుంది, రేపటి కోసం ఇవాళ్టిని. నాన్నకి ఆ తెలివి ఉంటే తొమ్మిదన్నరకే గంట కొట్టేవాడు.

"దించెయ్యండి," అన్నాను.

సౌందర్య గారు నమ్మలేదు. రెండోసారి కూడా చెప్పాను. మంగ్లు స్టూలు ఎక్కి మేకు మీంచి తీశాడు, నావైపు చూడకుండా, గోడ వారగా నేల మీద ఆనించాడు. దించుతుంటే ఒక్క రాజ్‌మా గింజ ఊడి బెంచీ కిందికి దొర్లింది. గోడ మళ్ళీ బోసిగా ఉంది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. చెయ్యి మొద్దుబారిపోయింది, వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు, భుజం దగ్గర మాత్రం సూదులు. బెంచీల మీద ఇరవై రెండు మంది, కళ్ళు సరిగా కనిపించనివాళ్ళే, అందరి మొహాలూ నావైపే ఉన్నాయి. పదకొండూ నలభై ఐదు. యాభై. యాభై మూడు. లెక్క మళ్ళీ తప్పానా? తప్పితే తప్పాను. పన్నెండూ అవనీ, ఒంటిగంటా అవనీ, బస్సు వచ్చి హారన్ కొట్టనీ.

వరహాలరావు గారు పెన్ను మూత పెట్టలేదు. అది గమనించాను. గంట నుంచీ మూత తీసే ఉంది.

వాకిట్లో కర్ర మెట్టుకి తగిలిన చప్పుడు. సోములమ్మ ముందు, కర్ర రెండో కొన పట్టుకుని అత్త. మోకాళ్ళ దాకా బురద, చీర ఒక పక్కంతా తడి. నేను నోరు తెరిచేలోపే సోములమ్మ తెచ్చి కిటికీ ముందు నిలబెట్టింది. అత్త తడుముకుంది, కిటికీ చెక్క తగిలింది, దాని మీద నా చెయ్యి తగిలింది. గుమాస్తా చెయ్యి అనుకుంది. రెండు చేతులతో పట్టుకుని నుదురు ఆనించింది.

"దండాలు బాబూ. కోపం సెయ్యకండి బాబూ. ఆలీసమైపోనాది, నాదే తప్పు. గెడ్డ కాడ పడిపోనాను. ఈ ఒక్కపాలికి రాసుకోండి బాబూ, మీ కాళ్ళట్టుకుంటాను."

నాకు ఆ చేతుల స్పర్శ తెలియలేదు. చూస్తున్నాను, తెలియడం లేదు. నా చేతికి, చిన్నప్పటి నుంచి తను తోమి పెంచిన చేతికి, మా అత్త దండం పెడుతోంది.

"అత్తా, అది నా సెయ్యే," అన్నాను. "మెర్లిన్ని. నా సేతికి దండం ఎట్టకు. ఈడ ఎవులికీ ఎట్టకు. నీకు ఆలీసం కానేదు. నువ్వొచ్చే ఏళకే వొచ్చినావు."

అత్త తలెత్తింది. ఎటు చూడాలో తెలియక కిటికీ కేసే చూసింది. లోపల రేకు తలుపు పూర్తిగా పైకి పోయిన చప్పుడు, ఇంకు పెట్టె తెరిచిన చప్పుడు. "పేరు సెప్పమ్మా," అన్నాడు వరహాలరావు.

అత్త పేరు చెప్పింది, ఇంకా తప్పు చేసినదానిలాగే. నా కుడిచెయ్యి కదల్లేదు. ఎడమచేత్తో తన బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్ది, ఇరవై మూడో గీత మీద ఆనించాను. గట్టిగా నొక్కు అత్తా అన్నాను. ఇంకా గట్టిగా.